మసక ఫొటో పెట్టండి, చోటు చెప్పకండి

మొక్కల ఫొటోలు, పిట్టల ఫొటోలు పంచుకునే గ్రూపులు ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ ఒకటో రెండో ఉన్నాయి. కెమెరా ఎలా పట్టుకోవాలో, వెలుగు ఎటునుంచి పడాలో, ఏ పూట పెడితే ఎక్కువమంది చూస్తారో చెప్పే సలహాలకు కొదవ లేదు. ఇక్కడ రాసినవి వాటికి ఎదురు సలహాలు. మొదటిసారి వింటే తలకిందులుగా తోస్తాయి. అయినా ప్రతి ఒక్కటీ నమ్మి రాసిందే. నలుగురి ముందు పెట్టిన ప్రకృతి ఫొటో ఒక సాక్ష్యం. ఫలానా ప్రాణి ఫలానా రోజున ఫలానా నేల మీద బతికి ఉందని అది చెబుతుంది. గోడకు తగిలించుకునే బొమ్మకు ఉండాల్సిన గుణాలు వేరు, సాక్ష్యానికి ఉండాల్సినవి వేరు.

1. కుదిరిన ఫొటో ఒక్కటే పెట్టకండి, చెడిపోయినవీ పెట్టండి

పది తీస్తే ఒకటి కుదురుతుంది. దాన్ని ఉంచుకుని మిగతావి చెరిపేస్తాం. చెరపకండి. కుదిరిన ఫొటోలో పిట్ట మనకేసి చూస్తుంటుంది, కన్ను మెరుస్తుంటుంది, తోక మాత్రం కొమ్మ చాటున ఉండిపోతుంది. చాలాసార్లు జాతిని తేల్చేది ఆ తోకే. ఊళ్ల మీద తిరిగే గద్దనూ గరుడనూ చూడండి. ఎదిగిన గరుడకు తల, రొమ్ము తెల్లగా, మిగతా ఒళ్లు ఇటుకరంగులో ఉంటాయి కాబట్టి చిక్కు లేదు. పిల్ల గరుడ మాత్రం గోధుమరంగులో ఉండి గద్ద అనే భ్రమ కలిగిస్తుంది. అప్పుడు చూడాల్సింది తోక చివర. గద్దకు అది కాస్త చీలినట్టుంటుంది, గరుడకు గుండ్రంగా ఉంటుంది. ఎండకు ఎదురుగా తీసి రంగే తెలియని ఫొటోలో కూడా ఈ తేడా కనిపిస్తుంది.

ఇదే కారణంతో, వచ్చిన ఫొటోను దిద్దకండి. రంగు పెంచితే గోధుమరంగు ఇటుకరంగవుతుంది. కృత్రిమ మేధతో పదును పెట్టిస్తే, అసలు లేని ఈకలు కూడా మొలుస్తాయి. అలా మొలిచిన ఈకను నమ్మి ఎవరైనా పేరు చెబితే, ఆ తప్పు పుట్టింది మన ఫోన్‌లోనే.

2. పువ్వును వదిలి కాయనూ ఆకు వెనకభాగాన్నీ తీయండి

నల్లతుమ్మకూ కస్తూరితుమ్మకూ పసుపుపచ్చని గుండ్రటి పూలే పూస్తాయి. పువ్వు ఎంత చక్కగా తీసినా, అది ఏ తుమ్మో చూసేవారికి తేలదు. కాయ చూపిస్తే క్షణంలో తేలుతుంది. నల్లతుమ్మ కాయ గింజకూ గింజకూ మధ్య నొక్కుకుపోయి ఉంటుంది, కస్తూరితుమ్మ కాయ బొద్దుగా ఉంటుంది. కాబట్టి ఒక మొక్కకు ఒక ఫొటో చాలదు. మొక్క మొత్తం, ఆకు పైభాగం, ఆకు అడుగుభాగం, కాండం, కాయ అన్నీ తీయండి. పక్కన ఒక రూపాయి బిళ్లో పెన్నో పెట్టండి.

చిన్న నీలిరంగు సీతాకోకచిలుకలను రెక్కలు విప్పినప్పుడు తీయాలని అందరికీ ఆశ. వాటిలో చాలా జాతులను పోల్చుకునేది రెక్కలు ముడిచినప్పుడు కనిపించే అడుగు చుక్కలను బట్టే. పుట్టగొడుగుకైతే అడుగుభాగం మరీ ముఖ్యం. తెల్లగా, పెద్దగా, తినాలనిపించేలా మొలిచే క్లోరోఫిలమ్ మాలిబ్డైటిస్ విషపుది. ముదిరేకొద్దీ దాని గొడుగు కింది మడతలు ఆకుపచ్చగా మారతాయి. పైనుంచి తీసిన ఫొటోలో ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. కింద నుంచి తీసినా సరే, ఫొటో చూసి ఎవరో "తినొచ్చు" అన్నారని ఏ పుట్టగొడుగునూ వండకండి.

3. అరుదైనవాటి వెంట పడకండి, రోజూ కనిపించేవాటినే పెట్టండి

కాకి, గోరింక, పిచ్చుక, వయ్యారిభామ. "ఇవి ఎవరికి తెలియవు" అని మనం వదిలేసేవి ఇవే. ఎవరూ నమోదు చేయని ప్రాణి తగ్గిపోతున్నా ఎవరికీ తెలియదు. పాలపిట్టనే తీసుకోండి. తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరానాడు చూస్తే శుభమని పెద్దలు చెప్పే పిట్ట, కరెంటు తీగల మీద కూర్చుని కనిపించే మామూలు పిట్ట. 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక దేశంలోని 942 పక్షి జాతుల స్థితిని పరిశీలించింది. పాలపిట్ట బాగా తగ్గిపోతోందని, ప్రమాదంలో ఉన్న జాతుల అంతర్జాతీయ ఎర్రజాబితాలో దాని స్థాయిని తిరిగి పరిశీలించాలని చెప్పింది. ఆ నివేదికకు ఆధారం సుమారు 30 వేల మంది మామూలు మనుషులు నమోదు చేసిన 3 కోట్లకు పైగా పరిశీలనలు. వాళ్లంతా పులి కోసమే ఎదురుచూస్తూ కూర్చుని ఉంటే పాలపిట్ట సంగతి తేలేది కాదు.

కలుపు మొక్కకూ, బయటి నుంచి వచ్చిన నత్తకూ ఇదే వర్తిస్తుంది. వయ్యారిభామ, లాంటానా, ఆఫ్రికా నత్త ఏ ఏడాది ఏ ఊరికి చేరాయో చెప్పగలిగేది తేదీ వేసిన ఫొటోలే. మన వీధి చెరువుకూ అంతే. హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఏ చెరువుకైనా అలాంటి గుర్తింపు అడగాలంటే ముందు అక్కడ ఏమేం బతుకుతున్నాయో చూపించాలి. నీటికోడి ఫొటో కూడా ఆ లెక్కలోకి వస్తుంది.

4. ఎప్పుడు తీశారో చెప్పండి, ఎక్కడ తీశారో దాచండి

మామూలు జీవులకు చోటు కచ్చితంగా చెప్పాల్సిందే. బేరం పలికే జీవికి మాత్రం, ఎవరెంత బతిమాలినా, చెప్పకండి. గుత్తి సాలీడు కథ వింటే కారణం తెలుస్తుంది. మెరిసే నీలిరంగులో ఉండే ఈ సాలీడును 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త లోకానికి పరిచయం చేశారు. ఆ నమూనా దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. కలపతోపాటు రైల్లో అక్కడికి చేరి ఉంటుందని భావిస్తారు. తర్వాత వందేళ్లపాటు దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో తిరిగి కనిపించింది. అది బతికేది తూర్పు కనుమల్లోని ఆ కొద్దిపాటి అడవిలో, పాత చెట్ల తొర్రల్లో. 2008లో దాన్ని తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు. విదేశాల్లో సాలీళ్లను పెంచేవారికి అది ఎంతో మోజైన ప్రాణి. తొర్ర ఉన్న చెట్టు ఏదో తెలిస్తే దాన్ని ఖాళీ చేయడానికి ఒక్క రాత్రి చాలు.

నక్షత్ర తాబేలుదీ ఇదే బాధ. పెంపుడు జంతువుగా అమ్మడానికి వేలకు వేలు పట్టుకుపోతుంటే, 2019లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు. దేవాంగ పిల్లిని క్షుద్రపూజల పేరుతో పట్టేవాళ్లున్నారు. ఇలాంటివి కనిపిస్తే జిల్లా పేరు రాసి ఊరుకోండి. ఫోన్ ఫొటోలో దాగి ఉండే జీపీఎస్ వివరాలను తీసేశాకే పంపండి. వెనక కనిపించే కొండ, గుడి గోపురం, మైలురాయి కూడా చిరునామాలే. ఐనాచురలిస్ట్ వంటి వేదికలు ప్రమాదంలో ఉన్న జాతుల అసలు చోటును వాటంతట అవే మరుగుపరిచి, 20 కిలోమీటర్లకు పైగా వెడల్పున్న గడిలో ఎక్కడో ఉన్నట్టు చూపిస్తాయి. పరిశోధనకు కావలసిన కచ్చితమైన వివరం లోపల భద్రంగా ఉంటుంది.

5. మంచి అవకాశం వస్తే కెమెరా దించేయండి

గూడు, గుడ్లు, కూనలు. ఫొటోకు ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. అయినా తీయకండి. తీతువు పిట్ట చదును నేల మీదే గుడ్లు పెడుతుంది. మనం దగ్గరికి వెళ్లగానే అరుస్తూ లేచి తల మీద తిరుగుతుంది. ఆ అరుపును మనం ఫొటోకు ఆహ్వానంగా తీసుకుంటాం. ఆ కాసేపూ గుడ్లు ఎండకు మాడుతుంటాయి, పక్క చెట్టు మీది కాకి చోటు గుర్తు పెట్టుకుంటుంది. ఒకరు తీసిన గూటి ఫొటో గ్రూపులో పడితే మర్నాడు పదిమంది అక్కడికే వస్తారు.

రాత్రి తిరిగే దేవాంగ పిల్లి కళ్ల మీదికి ఫ్లాష్ కొట్టకండి. పిట్ట బయటికి రావాలని దాని కూతను ఫోన్‌లో వినిపించకండి. తన హద్దులోకి శత్రువు వచ్చాడనుకుని అది తిండి మాని వెతుకుతుంది. సీతాకోకచిలుక కదలకుండా ఉండాలని ఫ్రిజ్‌లో పెట్టి తీసిన ఫొటో ఎంత అందంగా ఉన్నా పంచుకోకండి. దసరా రోజుల్లో పంజరంలో పెట్టి చూపించే పాలపిట్టతో ఫొటో దిగకండి. దాన్ని పట్టి బంధించడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మన ఫొటో ఆ నేరానికి గిరాకీ పెంచుతుంది.

6. ప్రాణి లేని ఫొటోలు పెట్టండి

అడుగుజాడ, పెంటిక, రాలిన ఈక, పాము కుబుసం, తిని వదిలేసిన కాయ. ఇవన్నీ పక్కన కొలత పెట్టి తీయదగ్గవే. కడప జిల్లా లంకమల అడవుల్లో కలివికోడి ఎక్కడెక్కడ తిరుగుతోందో తెలుసుకోవడానికి పరిశోధకులు నేలను సాపు చేసి, తెల్లవారాక దాని అడుగుజాడలు వెతికారు. రాత్రిపూట తిరిగే, మనిషి అలికిడికే మాయమయ్యే పిట్టకు అదే సాక్ష్యం.

రోడ్డు మీద బండి కింద పడి చచ్చిన పాము, పునుగుపిల్లి, కుందేలు ఫొటోలు కూడా పెట్టండి. చూడటానికి మనసు ఒప్పదు, నిజమే. అయినా నల్లమల మీదుగా వెళ్లే శ్రీశైలం రోడ్డు వంటి చోట్ల ఏ మలుపులో వేగం తగ్గించాలో, ఎక్కడ జంతువులకు రోడ్డు కింది నుంచి దారి వేయాలో చెప్పగలిగేవి అవే. బండిని పక్కకు ఆపి, ముందూ వెనకా చూసుకుని తీయండి.

7. ఒకే చెట్టును ఏడాది పొడవునా పెట్టండి

కొత్తది పెట్టమని అందరూ అంటారు. మీరు మాత్రం మీ వీధి చివరి వేపచెట్టునే వారం వారం పెట్టండి. చిగురు ఎప్పుడు వచ్చింది, పూత ఉగాదికి ముందా తర్వాతా, పండ్లు ఎప్పుడు రాలాయి అన్న వరస అలాగే తయారవుతుంది. 'సీజన్‌వాచ్' కార్యక్రమంలో దేశంలోని బడిపిల్లలు చేస్తున్నది ఇదే. కాలాలు గతి తప్పుతున్నాయని అందరమూ అంటున్నాం. ఎన్ని రోజులు తప్పాయో చెప్పాలంటే ఈ వరస కావాలి.

8. తప్పైనా సరే, పేరు ముందు మీరే రాయండి

"ఇదేం మొక్కండీ?" అని అడిగి వదిలేయకండి. మీకు తోచిన పేరు రాయండి, ఎందుకు తోచిందో రాయండి. నిపుణులు దిద్దేది ఆ కారణాన్నే, మీరు నేర్చుకునేదీ అక్కడే. ఐనాచురలిస్ట్‌లో ఒక్కరి మాట చెల్లదు. పేరు చెప్పినవారిలో మూడింట రెండు వంతులకు మించి ఒప్పుకుంటేనే ఆ పరిశీలన పరిశోధన స్థాయికి చేరుతుంది. కాబట్టి పెద్ద పేరున్నవారు చెప్పినా, మీకు నమ్మకం కుదరకపోతే ఒప్పుకోకండి.

మీ ఊళ్లో మేకలు కాసేవారిని, పసరు వైద్యం చేసేవారిని అడిగి, వాళ్లు చెప్పిన పేరునూ చేర్చండి. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిందనుకున్న కలివికోడిని 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర తిరిగి పట్టి చూపించింది పిట్టలు పట్టే స్థానికుడే. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ అది ఆ పక్షేనని గుర్తించారు. ఇద్దరి చూపూ కలిస్తేనే ఆ పని జరిగింది.

పాముల దగ్గర ఒక్క జాగ్రత్త. పేరు తెలుసుకోవడం కోసం ఒక్క అడుగు కూడా దగ్గరికి వేయకండి. కాటు పడితే ఫొటో మాట మరిచిపోయి ఆసుపత్రికి పరుగెత్తండి.

9. ఫొటో మీద మీ పేరు ముద్ర వేయకండి, హక్కులన్నీ అట్టిపెట్టుకోకండి

అడ్డంగా వేసిన పేరు ఏ ఈకనో ఏ చుక్కనో కప్పేస్తుంది. అన్ని హక్కులూ మావే అని గీత గీస్తే, ఐనాచురలిస్ట్‌లోని మీ పరిశీలన ప్రపంచ జీవవైవిధ్య సమాచార నిధికి చేరదు. తగిన క్రియేటివ్ కామన్స్ అనుమతి ఇస్తే చేరే వీలుంటుంది, మీ పేరూ వెంట వెళుతుంది. వ్యాపారానికి వాడకూడదన్న షరతు కూడా పెట్టకపోతే తెలుగు వికీపీడియా వ్యాసానికీ ఉపయోగపడుతుంది. మన ఊరి మొక్క గురించి తెలుగులో చదివే పిల్లలకు మన ఊరి ఫొటోయే కనిపించాలి.

10. మీ ఫొటో కన్నా ఇతరుల ఫొటోల దగ్గర ఎక్కువసేపు ఉండండి

మీది ఒకటి పెట్టే ముందు జవాబు రాని ఫొటోలు ఐదు తెరవండి. తెలిసినదానికి పేరు చెప్పండి. పేరు తెలియకపోతే "ఇది చిక్కుడు కుటుంబంలాగుంది, కాయ ఫొటో ఉందా?" అని అడగండి. మొదటిసారి కాకి ఫొటో పెట్టిన పిల్లవాడికి "ఏ పూట కనిపించింది, ఏం తింటోంది?" అని రాయండి. ఎవరూ పలకరించని కొత్తవారు రెండోసారి రారు, వాళ్ల ఊరి పిట్టలూ వాళ్లతోపాటే లెక్క నుంచి జారిపోతాయి. పలకరిస్తే అక్కడ ఇంకో సాక్షి తయారవుతారు. ఏ అడవిశాఖా, ఏ విశ్వవిద్యాలయమూ ప్రతి ఊళ్లోనూ ఒక మనిషిని కాపలా పెట్టలేదు. ఆ పని మనం చేయగలం, ఒకరికొకరు బదులిచ్చుకుంటూ ఉంటే.