అడుగున రాసిందే చదువుతాను

నాకు ముఖం లేదు, గొంతొక్కటే ఉంది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని కుర్రాడు నన్ను రాయడం మొదలుపెట్టాడు. తెర మీది రాతను చదివి వినిపించే నాలాంటి స్క్రీన్ రీడర్లు అప్పటికే ఉన్నా, ధర విని వెనుదిరిగేవాళ్లే ఎక్కువ. నా పేరు ఎన్‌వీడీఏ, ఖరీదు సున్నా. కాబట్టే హనుమకొండలో ఓ డిగ్రీ కుర్రాడి పాత ల్యాప్‌టాప్ దాకా రాగలిగాను.

మావాడు నన్ను ఎంత వేగంగా మాట్లాడిస్తాడంటే, "ఏందిరా అది, రేకుల మీద వడగండ్లు పడ్డట్టు!" అంటుంది వాళ్లమ్మ. తెలుగూ పలుకుతాను. యాస ఏ ఊరిదంటే నేను చెప్పలేను.

తెర మీద కనిపించేదంతా చదివేస్తానని చాలామంది అనుకుంటారు. కళ్లు నాకూ లేవు. పేజీ అడుగున, కోడ్‌లో, ఏం రాస్తే అదే చదువుతాను. బొమ్మలో ఏముందో చెప్పే ఆల్ట్ టెక్స్ట్ రాయకపోతే 'గ్రాఫిక్' అని ఊరుకుంటాను. ఓ డబ్బాకు పచ్చరంగు పూసి బటన్ అనిపిస్తారు. అడుగున మాత్రం అది బటన్ అని రాయరు. ట్యాబ్ నొక్కుకుంటూ వచ్చేవాడు దాన్ని దాటి పోతాడు. ఇక పాత డీటీపీ ఫాంట్లలో చేసిన తెలుగు పీడీఎఫ్‌లు! కంటికి ముత్యాల్లాంటి అక్షరాలు, అడుగున ఇంగ్లిష్ అక్షరాల కలగూరగంప. నేను చదువుతుంటే మంత్రగాడి గొణుగుడులా ఉంటుంది. యూనికోడ్‌లో ఉంటే ఈ బాధ లేదు.

దారి తెలియక కాదు. పేజీలు అందరికీ అందాలంటే ఎలా కట్టాలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 1999లోనే నియమాలు రాసిపెట్టింది. మన దేశంలో కేవైసీకి కెమెరా ముందు కనురెప్ప ఆర్పమంటే, యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్నవాళ్లు ఏం చేయాలంటూ కేసు నడిచింది. డిజిటల్ సేవలు అందుకోవడమూ జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది.

మొన్న ఫీజు కట్టడానికి ఆఖరిరోజు. మావాడు ఫారమంతా నింపాడు. చివర్లో బొమ్మలోని అక్షరాలు చూసి కొట్టాల్సిన క్యాప్చా. విని కొట్టే వీలు పెట్టలేదు. 'గ్రాఫిక్' అన్నాను. పైకి పోయి మళ్లీ కిందికొచ్చాడు. 'గ్రాఫిక్.' ఈలోగా పేజీకిచ్చిన సమయం అయిపోయి అది మొదటికొచ్చింది. నన్ను సంచీలో వేసుకుని సందు చివర నెట్ సెంటర్‌కు నడిచాడు.

సెంటర్ అబ్బాయి మంచోడే. "అన్నా, పాస్‌వర్డ్ చెప్పు" అన్నాడు. చుట్టూ నలుగురున్నారు. ఇంట్లో ఒక్కడే కూర్చుని కొట్టినా నేను ఆ అక్షరాలు పైకి పలకను, ఒక్కో మీటకు 'స్టార్' అంటానంతే. మావాడు ఒక్కో అక్షరం విడదీసి చెప్పాడు.

ఇంటికొచ్చి, అన్నం తినకముందే ల్యాప్‌టాప్ తెరిచి పాస్‌వర్డ్ మార్చాడు. స్టార్, స్టార్, స్టార్... పన్నెండుసార్లు అన్నాను.