పదమూడడుగుల గోడ, పావుకిలో బజ్జీలు

మొన్న సాయంత్రం మా వీధి చివరి బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కట్టించుకున్నాను. ఇంటికొచ్చి పొట్లం విప్పితే నూనె మరకల్లోంచి ఓ పెద్దాయన నన్నే చూస్తున్నాడు. ఆధార్ జిరాక్సు. పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, పన్నెండంకెలూ ఉన్నాయి. ఆఖరి రెండంకెల మీద మాత్రం కాస్త శనగపిండి అంటుకుంది. ఆయన గోప్యత కోసం ఈ దేశంలో ఎవరైనా ఏమైనా చేశారంటే ఆ శనగపిండే.

2018లో కేంద్రం తరఫున అటార్నీ జనరల్ సుప్రీంకోర్టుకు భరోసా ఇచ్చారు: ఆధార్ సమాచారం పదమూడడుగుల ఎత్తు, అయిదడుగుల మందం గోడల వెనక భద్రంగా ఉందని. ఉండే ఉంటుంది. గోడకు ఇవతల బజ్జీల బండి ఉంటుందని పాపం ఆయనకెవరూ చెప్పలేదు.

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి ఒకప్పుడు మన ఆంధ్రప్రదేశ్ బీసీ కమిషన్ ఛైర్మన్. అలాంటి హక్కే రాజ్యాంగంలో లేదని వాదించిన సర్కారు, తీర్పు రాగానే స్వాగతం పలికింది. ఆ తర్వాత ఆరేళ్లు నూరి నూరి 2023లో ఒక చట్టం తీసింది. పేరు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు.

కంపెనీ తప్పు చేస్తే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా. మీరో నేనో ఉత్తుత్తి ఫిర్యాదు చేస్తే పదివేల దాకా. మరి సర్కారువారి సంస్థ చేస్తే? 17వ సెక్షన్ చూడండి. కేంద్రం ఒక్క నోటిఫికేషన్ ఇస్తే చాలు, ఏ సంస్థ పేరు అందులో ఉంటే దానికి ఈ చట్టమే వర్తించదు. కారణాలా? సార్వభౌమత్వం, విదేశాలతో స్నేహం, శాంతిభద్రతలు. శాంతిభద్రతలనే మాట మా అమ్మమ్మ ట్రంకుపెట్టె లాంటిది, ఎంత కుక్కినా ఇంకొంచెం పడుతుంది. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ రాసిన ముసాయిదాలో మాత్రం నిఘా పెట్టాలంటే పార్లమెంటు చేసిన చట్టం ఉండాలి, అవసరం ఉండాలి, అవసరానికి మించకూడదు అని ఉంది. చేతులు మారేసరికి ఆ మూడూ ఎక్కడో జారిపోయాయి.

ఫోన్ల సంగతికొస్తే, తెల్లదొరలు 1885లో రాసిపెట్టిన టెలిగ్రాఫ్ చట్టాన్నే మొన్నమొన్నటిదాకా వాడుకున్నాం. ట్యాపింగ్‌కు ఉత్తర్వు ఇచ్చేది హోం కార్యదర్శి. అది సబబో కాదో చూసేది ముగ్గురు కార్యదర్శుల సంఘం. జడ్జి లేడు. అన్న కొడితే తమ్ముడు పంచాయితీ. కేంద్రం నెలకు 7,500 నుంచి 9,000 ఉత్తర్వులు ఇస్తున్నట్టు సమాచార హక్కు దరఖాస్తుకు వచ్చిన జవాబులో తేలింది. సంఘం కూర్చునేది రెండు నెలలకోసారి. అంటే కూర్చున్నప్పుడల్లా 15,000 నుంచి 18,000 కాగితాలు. ఈ లెక్క నాది కాదు, శ్రీకృష్ణ కమిటీదే. మిగతా లెక్క నేను వేశాను. టీకి కూడా లేవకుండా ఆరుగంటలు చూశారే అనుకుందాం. 21,600 సెకన్లు. పద్దెనిమిదివేల కాగితాలైతే ఒక్కోదానికి సెకనుంపావు కూడా రాదు. పెళ్లిలో అక్షింతలు వేసేవాడు కూడా అంతకంటే ఎక్కువసేపు వధూవరుల మొహం చూస్తాడు.

ఆ జవాబు రాబట్టిన సమాచార హక్కుకూ ఆ డేటా రక్షణ చట్టంతోనే చికిత్స చేశారు. వ్యక్తిగత సమాచారమైనా ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని సమాచార హక్కు చట్టం 8(1)(జె)లో ఉండేది. ఇప్పుడు వ్యక్తిగతమా, అయితే లేదు పో. పక్క సెక్షన్‌లో ప్రజాప్రయోజనం ఇంకా ఉందిగా అంటారు. ఉంది, కాకపోతే ఇదివరకు తలుపు ఉండేచోట ఇప్పుడు కిటికీ ఉంది. గోప్యత గోప్యత అని మనం మొత్తుకున్నందుకు సర్కారువారికి గోప్యత దొరికింది.

హైదరాబాద్ మాత్రం ఇలాంటి సెక్షన్ల కోసం ఎప్పుడూ ఆగలేదు. 2021 అక్టోబరులో పోలీసులు రోడ్డు మీద కుర్రాళ్లను ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో గంజాయి అని వెతికారు. జనమే సహకరిస్తున్నారని అధికారుల మాట. నిజమే, లాఠీ ఎదురుగా ఉంటే నేనూ సహకరిస్తాను, పాస్‌వర్డు కూడా పాడి వినిపిస్తాను.

ఇక తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసు. 2023 ఎన్నికల ఫలితాలు వచ్చాక హార్డ్‌డిస్కులు ముక్కలు చేసి మూసీలో కలిపేశారని పోలీసులు తమ శాఖవాళ్ల మీదే ఆరోపణ మోపారు. కేసు కోర్టుల్లో ఉంది, ఎవరు చేశారో అక్కడే తేలాలి. ఆ ఆరోపణే నిజమైతే ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో ప్రస్తుతానికి మూసీకి తెలుసు. ఒడ్డున నిలబడి దరఖాస్తు పెట్టుకుందామా అంటే కుదరదు. అది వ్యక్తిగత సమాచారం.