తూటాలో పంక్తిభేదం

పంక్తిభేదం విస్తరి దగ్గరే ఉంటుందనుకునే అమాయకులు, లండన్ వకీలు జేమ్స్ పకిల్ 1718లో పుచ్చుకున్న పేటెంటును ఒకసారి చూడాలి. ముక్కాలి పీట మీద మూడడుగుల గొట్టం, దాని వెనక మందూ తూటాలూ దట్టించి చేత్తో తిప్పే సిలిండరు, పేల్చడానికి చెకుముకి రాయి. ఓడల మీదికి ఎగబడే శత్రువును ఆపడానికట. బాగానే ఉంది. కానీ వకీలుగారు రెండు రకాల సిలిండర్లు గీశారు: క్రైస్తవులకు గుండ్రటి తూటాలు, తుర్కులకు నలుపలకల తూటాలు! పలకలది ఎక్కువ బాధ పెడుతుందని ఆయన లెక్క. అది గాలిలో తిన్నగా పోదన్న సంగతి మాత్రం ఆ లెక్కలోకి రాలేదు.

ఇక యుద్ధం ఊహించుకోండి. చీకట్లో ఓడ మీదికొస్తోంది. తుపాకి దగ్గరున్నవాడు ముందు గోత్రం కనుక్కోవాలి, ఆనక సిలిండరు మార్చాలి. తుర్కుల నౌకల్లో గ్రీకు క్రైస్తవులూ పనిచేసేవారు. వాళ్లకు ఏది వడ్డించాలి? ఇంతా చేస్తే, ఆ ఏడాది బ్రిటన్‌కు తుర్కులతో పోరే లేదు. పైగా ఆస్ట్రియా, వెనిస్‌లకూ వాళ్లకూ సంధి కుదర్చడానికి పెద్దమనిషిగా కూర్చుంది. ఆ వెంటనే సిసిలీ దగ్గర స్పెయిన్ నౌకాదళాన్ని చితక్కొట్టింది. అక్కడ ఎదుటివాళ్లూ శిలువకు మొక్కేవాళ్లే.

సర్కారు ఆయుధశాఖ 1717లోనే ఈ యంత్రాన్ని చూసి వద్దంది. పకిల్ కుంగిపోలేదు. రాజభక్తినీ దేశభక్తినీ ప్రొటెస్టెంటు భక్తినీ కలిపి పేటెంటు కాగితం మీద ప్రాసతో అచ్చేయించాడు, కంపెనీ పెట్టి వాటాలు అమ్మాడు. సౌత్ సీ కంపెనీ వాటాల బుడగ పేలి జనం గుల్లయిన రోజులవి. ఈ తుపాకి గాయపరిచేది వాటాదారులనేనని అప్పుడే వెక్కిరింతలు మొదలయ్యాయి.

నిజం చెప్పాలంటే 1722 ప్రదర్శనలో, వానలో, ఏడు నిమిషాల్లో 63 సార్లు పేలింది. మస్కెట్ సిపాయి నిమిషానికి రెండు మూడు గుళ్లు కాల్చడమే గొప్పయిన కాలంలో అది తక్కువేం కాదు. మాంటేగ్ డ్యూక్ ముచ్చటపడి, సెయింట్ లూసియా దీవిని ఆక్రమించబోతూ రెండు కొన్నాడు. ఫ్రెంచివాళ్లొచ్చి ఆయన మనుషుల్ని వెళ్లగొట్టారు. క్రైస్తవులే కనుక గుండ్రటి తూటాల మర్యాదకు అర్హులే. అదీ జరిగిన దాఖలా లేదు.

ఏ యుద్ధంలోనూ ఈ తుపాకి క్రైస్తవుణ్ని చంపినట్టు రుజువు లేదు, తుర్కునూ చంపినట్టు లేదు. సర్వమత సమభావాన్ని ఇంత నిష్ఠగా పాటించిన ఆయుధం మరొకటి నాకు కనబడలేదు.