స్కూప్ దాదా

సోలాపూర్ హోట్గి రోడ్‌లో మగ్గాల చప్పుడు మధ్య మామూలు మాట వినబడదు. రహస్యం కూడా అరిచి చెప్పుకోవాల్సిందే. స్కూప్ దాదాకు ఇది బాగా కలిసొచ్చింది. అతని దగ్గరున్నది ఒకే రహస్యం: "డబ్బా మీద 24 గ్రాముల ప్రోటీన్ అని రాసిండ్రు. లోపల ఎంతుందో ఎవనికెరుక?"

జిమ్ముకొక స్కూప్ దాదా ఉంటాడు. కండలు పెంచేవాడు కాదు, కండల పొడిని అనుమానించేవాడు. మా దాదా చేతులు కండె పుల్లల్లా ఉంటాయి. జేబులో మాత్రం కంసాలి కాటా. కొత్త డబ్బా రాగానే హోలోగ్రామ్ గీకుతాడు, సీలు వాసన చూస్తాడు, స్కూప్ నిండా పొడి తీసి తూస్తాడు. చివరికి అయోడిన్ చుక్క వేస్తాడు, పిండి కలిపితే నీలం తిరుగుతుందని. మాల్టోడెక్స్‌ట్రిన్ లాంటి చవక పొడి కలిపితే ఆ నీలం రాదని ఎవరో చెప్పారు. ఆ రాత్రి నిద్రపోలేదట. పెళ్లిచూపుల్లో బిస్కెట్ల పళ్లెం ముందు పెడితే "ప్యాకెట్ ఏదీ?" అన్నాడు. ఆ సంబంధం అక్కడే ఆగింది.

అలాగని పిచ్చివాడేం కాదు. కేరళలోని రాజగిరి ఆసుపత్రి వైద్యుడు సిరియక్ అబీ ఫిలిప్స్, ఆయన తోటివారు మన బజారులో దొరికే 36 రకాల పొడులను ల్యాబులో పరీక్ష చేయించి, 2024లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రోటీన్ లెక్క తప్పు. కొన్నింట్లో ఉన్నది రాసినదాంట్లో సగమే. సుమారు 14 శాతంలో బూజు విషం అఫ్లటాక్సిన్ కూడా కనిపించింది. ఆ కాగితం దాదా పర్సులో మడతపెట్టి ఉంటుంది, దేవుడి బొమ్మ పక్కనే.

దాదా నాయిన చద్దర్లు నేసిన మనిషి, కొడుకు గోల మొదట చెవిన పెట్టలేదు. ఒకరోజు దాదా కూర్చోబెట్టి చెప్పాడు: "ప్రోటీన్‌ను నేరుగా కొలవరు నాయినా. పొడిలోని నత్రజని కొలిచి 6.25తో గుణిస్తరు. 1883ల జోహన్ కెల్దాల్ అనే ఆయన బీరు కంపెనీ ల్యాబుల కనిపెట్టిన పద్ధతి. ఇప్పుడు కొందరు చవకగ దొరికే గ్లైసిన్, టారిన్ కలుపుతరు. వాటిల గూడ నత్రజని ఉంటది. లెక్కల ప్రోటీన్ పెరుగుతది, పొడిల పెరగది."

ముసలాయన కండె పక్కన పెట్టాడు. "నూలుకు గంజి దట్టంగ పెట్టి తూకం చూపినట్టా?"

"అదే!"

"ఒక్కసారి ఉతికితే తెలుస్తది."

ఎన్నేళ్లుగానో విన్న వివరణల్లో ఇంతకంటే మంచిది నాకు తగల్లేదు. ఎక్కడో నేసిన బట్టకు సోలాపూర్ చద్దర్ అని పట్టీ కుట్టి అమ్మితే కడుపు మండేవాళ్లం మేం. పట్టీ ఒకటి, సరుకు ఒకటి అంటే మాకు విడమరిచి చెప్పక్కర్లేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కండల కోసం ఈ పొడులే వద్దందని నేను గుర్తుచేశాను. దాదా జాలిగా చూశాడు. "తినుడెవలకు గావాలె కాకా? ఇది పరీక్ష కోసం!" అని కడక్ భాకరీ విరిచి శేంగా చట్నీలో అద్దుకున్నాడు. బూజు పట్టిన వేరుసెనగలోనూ అదే అఫ్లటాక్సిన్ ఉంటుందని అనబోయి మానుకున్నాను. వాళ్లమ్మ రోట్లో దంచిన చట్నీ అది. పాపం, ఇంట్లో ఆ ఒక్కటే కాటా ఎక్కకుండా మిగిలింది.

కిందటి నెల జిమ్ములో ఐదుగురి దగ్గర చందా పోగేసి వాళ్లలో ఒకరి డబ్బాను గుర్తింపున్న ల్యాబుకు పంపాడు. రిపోర్టు వచ్చింది. రాసినంతా ఉంది! కుర్రాళ్లు ఈలలు వేశారు. దాదా మొహం మాత్రం తెగిన పోగులా వేలాడింది. అడుగున చిన్న అక్షరాలు చదివే వరకూ అంతే. 'ఈ ఫలితం పరీక్షకు అందిన నమూనాకు మాత్రమే వర్తిస్తుంది.' మొహం వెలిగిపోయింది. మిగిలిన నాలుగు డబ్బాలవీ వేరే బ్యాచ్ నంబర్లు.

మళ్లీ చందా మొదలైంది. మీ జిమ్ముకూ వస్తాడు. ఇవ్వండి, కానీ ముందు మీ డబ్బా తిప్పి బ్యాచ్ నంబరు చూసుకుని మరీ ఇవ్వండి.