తృప్తిగా ఉన్నారాండీ? ఆయ్!

జీవితతృప్తిని కొలవడానికి డీనర్ అనే అమెరికా ఆచార్యుడు, ఆయన బృందం 1985లో ఓ కొలబద్ద అచ్చేశారు. ఐదు వాక్యాలు, ఒక్కోదానికీ 7 మార్కులు. 35కి 35 వస్తే పరమానందం. వలసవాళ్ల తృప్తి కొలిచే పరిశోధకులయ్యలారా, న్యూజెర్సీలో తిరిగింది చాలు, ఆ బద్దతో ఓసారి రాజోలు రండి. ఇక్కడ వలసంటే హెచ్-1బీ ఒక్కటే కాదు. కువైట్‌లో ఇంటిపని కూడా.

ఫోను మోగుతుంది. “ఎలా ఉన్నావే?” “ఆయ్, బాగానే ఉన్నానమ్మా.” 7 వేసేసుకోండి. యజమానురాలు పక్కనే నిలబడి ఉందన్న సంగతి మీ ప్రశ్నపత్రంలో లేదు. సర్దుబాటు అంటారా, తాగుబోతు మొగుడితోనూ, నూటికి ఐదు వడ్డీవాడితోనూ సర్దుకొచ్చిన మనిషికి అరబ్బు షేటు ఓ లెక్కా?

చట్టాలు లేవనకండి, పాపం తగులుతుంది. పదో తరగతి గట్టెక్కని, 30 ఏళ్లు నిండని ఆడమనిషిని గల్ఫ్‌లో ఇంటిపనికి పంపకూడదని మన సర్కారు రూలు. అందుకే ఏజెంటు పాస్‌పోర్టులో వయసు పెంచుతాడు, కుదరకపోతే విజిట్ వీసా మీద ఎక్కిస్తాడు. పుట్టినరోజు మార్చడం బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదు, ఏజెంటు వల్ల అవుతుంది మరి. కువైట్‌వాళ్లదీ బంగారంలాంటి చట్టమే. 2015లో వచ్చిన 68వ నంబరుది. రోజుకి 12 గంటలు మించి పని చేయించకూడదు, వారానికో సెలవివ్వాలి, పనిమనిషి పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదు. ఆ చట్టాన్ని చాలా ఇళ్లలో బీరువాలో పెట్టి తాళం వేశారు, పాస్‌పోర్టుల పక్కనే.

తట్టుకోలేక గోడ దూకితే ‘ఖల్లివల్లి’, అంటే పారిపోయిన మనిషని ముద్ర. కఫీల్, అంటే వీసాకి పూచీ పడ్డ యజమాని, ఓ ఫిర్యాదు పడేస్తే మనిషే అక్రమం. 2018లోనూ 2024లోనూ కువైట్ క్షమాభిక్ష పెట్టింది. జీతం ఎగ్గొట్టినవాడికి కాదండోయ్, అందక పారిపోయినదానికి!

తృప్తి అసలు లేదని నేననను. కొలవాల్సిన చోట కొలవాలి. ఏజెంటుకి 35. ఆవిడ పంపిన డబ్బుతో డాబా కట్టి గేటు మీద తన పేరు చెక్కించుకున్న మొగుడుగారికి 35. ఆ డబ్బు చేరవేసిన బ్యాంకుకి ఇంకో రెండు కలపండి.

అమెరికా అబ్బాయి సంక్రాంతికి దిగితే జగ్గన్నతోట ప్రభల తీర్థంలో సెల్ఫీల కోసం తోసుకుంటారు. కువైట్ నుంచి వచ్చినావిడ్ని మాత్రం, “అక్కడేం పని చేసేదానివే?” అని గొంతు తగ్గించి అడుగుతారు సొంత ఆడపడుచులే, ఆవిడ పోయించిన శ్లాబు కింద ఫ్యానేసుకుని కూర్చుని.