ఓపీ నుంచి ఎక్స్‌రే దాకా

పెద్దాసుపత్రిని ఎవరూ ఒక్కసారిగా కట్టరు. గ్రాంటు వచ్చినప్పుడు ఒక బ్లాకు, దాత దొరికినప్పుడు ఒక వార్డు, ఎన్నికల ముందు ఒక శిలాఫలకం, ఆ తర్వాత వీలును బట్టి దాని వెనక భవనం. అన్నిటినీ నడవాలతో కలుపుతారు. పాత భవనంలో కప్పు ఎత్తు, కొత్తదాంట్లో తక్కువ. అందుకే పాత భవనం మొదటి అంతస్తులో నడిచే రోగి ఒక్క మెట్టూ ఎక్కకుండానే కొత్త బ్లాకు రెండో అంతస్తులో తేలతాడు. ఈ ఘనతకు మాత్రం ఇంకా ఎవరూ శిలాఫలకం వేయలేదు.

కొత్తచోట మనిషి దారి పట్టుకోవడం నాలుగు విషయాల మీద ఆధారపడుతుందని పరిశోధకుడు జెరాల్డ్ వైస్మన్ 1981లో వివరించాడు: వెళ్లాల్సిన చోటు కంటికి ఆనడం, ఒక్కో చోటూ ఒక్కోలా ఉండటం, బోర్డులూ గది నంబర్లూ, భవనం ప్లాను. మన ఆసుపత్రులు నాలుగింటికీ సమాన న్యాయం చేశాయి. మలుపు మీద మలుపు కనుక ఏదీ కంటికి ఆనదు. గోడలన్నిటికీ ఒకే రంగు. 14వ నంబరు గది పక్కన 31 ఉంటుంది. 15 ఎప్పుడో స్టోరు రూమైపోయింది.

విభాగం బదిలీ అయినా దాని బోర్డు బదిలీ కాదు. ఎక్స్‌రే సెల్లారులోకి మారినా పాత తలుపు మీద ‘ఎక్స్‌రే’ అలాగే ఉంటుంది. దాని కింద ప్లాస్టరుతో అంటించిన తెల్లకాగితం, కాగితం మీద బాల్‌పెన్ను బాణం. ప్లాస్టరు ఒక పక్క ఊడగానే బాణం నేలను చూపిస్తుంది. సెల్లారు కిందే ఉంది కనుక అదీ తప్పనలేం.

అధికారులకు తెలిసిన మందు ఒకటే: మరిన్ని బోర్డులు. మైకేల్ ఓనీల్ 1991లో ప్రచురించిన పరిశోధన ఆ మందు సత్తా తేల్చింది. బోర్డుల వల్ల కొంత మేలు ఉంది. అయినా బోర్డులున్న మెలికల భవనంలో కంటే, ఒక్క బోర్డూ లేని సాదా భవనంలోనే జనం మెరుగ్గానో, కనీసం సమానంగానో దారి పట్టుకున్నారు.

అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీ ఆసుపత్రిలో ఈ తికమకకు పరిశోధకుడు క్రెయిగ్ జిమ్రింగ్ 1990లో లెక్క కట్టాడు. ఏడాదికి 2,20,000 డాలర్లకు పైనే, అంటే పడకకు 448 డాలర్లు. దారి చెప్పడం తమ పని కాని సిబ్బంది 4,500 గంటలకు పైగా దారి చెబుతూనే గడిపారు. మన దగ్గర ఆ ఖర్చు లేదు. వారం రోజులుగా తిరిగి ఆరితేరిన అటెండెంట్లు ఆ ఉద్యోగం జీతం లేకుండా చేస్తున్నారు.

నిజమైన మందు ప్లాను గీసేటప్పుడే వేయాలి. అన్ని బ్లాకులకూ ఒకే ప్రధాన నడవా, ఓపీ, రక్తపరీక్ష, ఎక్స్‌రే, మందుల కౌంటరు దాని వెంటే, రేపటి బ్లాకుకు ఇవాళే వదిలిన నంబర్లు. ఇక కొత్త బ్లాకు ప్రారంభించే ముందు మంత్రిగారి చేతికి ఓపీ చీటీ ఇచ్చి, వెంట పీఏ లేకుండా రక్తపరీక్షకు పంపాలి. మధ్యాహ్నంలోగా తిరిగొస్తే రిబ్బను కత్తిరించవచ్చు.