మా అమ్మాయికి తీరిక లేదు

ఉయ్యూరు నుంచి పిల్లలు పైదేశాలకు వెళ్లడం వింతేమీ కాదు. బందరు రోడ్డుకి ఈ పక్కా ఆ పక్కా ఏ గుమ్మం ఎక్కినా, కొడుకు డాలస్‌లోనో కూతురు మెల్‌బోర్న్‌లోనో ఉంటారు. డాక్టరీ చదువు కోసమైతే జార్జియా, ఫిలిప్పీన్స్, కిర్గిజ్‌స్తాన్ దాకా వెళ్లొచ్చినవాళ్లున్నారు. ఏ దేశంలో ఆవకాయ సీసా విప్పి చూస్తారో, ఎక్కడ చూడకుండా వదిలేస్తారో మా వీధిలో పాస్‌పోర్టు లేనివాళ్లు కూడా చెప్పగలరు. అలాంటి ఊళ్లో, మా అమ్మాయి ఆర్కిటెక్చర్ చదువు మధ్యలో ఏడాదిపాటు మెక్సికో వెళ్తుందని తెలిసేసరికి అందరికీ నోట మాట పడిపోయింది. సలహా ఇద్దామంటే ఎవరి దగ్గరా సరుకు లేదు.

ముందుగా తేరుకున్నది మా బావగారు. షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. "మెక్సికో అంటే అమెరికాలోకి గోడ దూకే చోటు కదయ్యా, పిల్ల దూకగలదా?" అన్నారు సెంటర్లో టీ బడ్డీ దగ్గర, పదిమందీ వింటుండగా. "దూకడానికి కాదు బావగారూ, గోడలు కట్టడం నేర్చుకోడానికి వెళ్తోంది" అన్నాను. ఆయనకి తృప్తి కలగలేదు. కట్టేవాళ్లకి దూకే చోటు తెలియకుండా ఉంటుందా అని ఆయన అనుమానం.

పక్కనే ఉన్న సోషల్ మాస్టారు మాత్రం ధైర్యం చెప్పారు. "మనవాళ్లు వెళ్లని చోటేం కాదు. ఎమ్.ఎన్. రాయ్ 1917లోనే వెళ్లాడు. 1919లో అక్కడ కమ్యూనిస్టు పార్టీ పెట్టినవాళ్లలో ఆయనొకడు" అన్నారు. కృష్ణా జిల్లాలో ఈ మాటకి ఉండే విలువ వేరు. ఆ క్షణం నుంచి మెక్సికో మాకు పరాయి దేశం కాకుండా పోయింది. మెక్సికో సిటీలో రాయ్ ఉన్న ఇంట్లో తర్వాత ఆయన పేరుతోనే నైట్‌క్లబ్బు పెట్టారని కొన్నాళ్లకి మా అమ్మాయి చెబితే, ఆ కబురు మాస్టారికి చేరవేశాను. ఆయన టీ గ్లాసు కిందపెట్టి కాసేపు ఆలోచించి, "పోన్లే, ఏదో ఒక పార్టీ నడుస్తోంది" అన్నారు.

అమ్మాయి వెళ్లింది గ్వాదలహారా అనే ఊరికి. లూయీస్ బర్రాగాన్ అనే పెద్ద ఆర్కిటెక్టు 1902లో పుట్టింది అక్కడే. 1980లో ఆయనకి ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. ఎత్తైన గోడలు, వాటి మీద ముదురు రంగులు, మధ్యలో కాసిని నీళ్లు, వీటన్నిటినీ మించి నిశ్శబ్దం, ఏకాంతం. ఆయన కట్టడాల గొప్పతనం అదేనట. మా అమ్మాయి ప్రాజెక్టు కూడా దాని మీదే. "నిశ్శబ్దం గురించి చదవడానికి అంత ఖర్చు పెట్టుకుని అంత దూరం ఎందుకే? మీ నాన్న క్రికెట్ చూసేటప్పుడు ఇంట్లో కూర్చుంటే సరిపోయేదిగా" అంది మా ఆవిడ.

పైకి అలా అందిగానీ ఆవిడ బెంగంతా వేరు. పిల్ల అసలే నలుగురిలో కలవదు. ఇక్కడున్నన్నాళ్లూ ఎవరింట్లో పెళ్లన్నా, బారసాల అన్నా, గృహప్రవేశమన్నా, "సబ్మిషన్ ఉంది, షీట్లు వేసుకోవాలి" అని తలుపేసుకునేది. కంకిపాడులో సొంత మేనత్త కూతురి పెళ్లికి కూడా భోజనాల వేళకి వచ్చి, పెరుగన్నం కలపకుండానే లేచిపోయింది. అలాంటి పిల్ల భాష తెలియని దేశంలో నాలుగు గోడల మధ్య ఒక్కర్తీ కూర్చుని కుమిలిపోతుందేమోనని ఆవిడ భయం.

ఆ భయం తీరడానికి ఎన్నో రోజులు పట్టలేదు. అక్కడికీ మనకీ పదకొండున్నర గంటల తేడా. ఇక్కడ రాత్రి ఏడయితే అక్కడ పొద్దున్న ఏడున్నర. మేం పడుకోబోయే ముందు ఫోన్ చేస్తే, కాలేజీకి వెళ్తున్నానంటుంది. మేం లేచి చేస్తే, ఎవరింటికో వెళ్తున్నానంటుంది. ఆదివారం చేస్తే అసలు ఎత్తదు. తను అద్దెకుండే ఇంటావిడకి ముగ్గురు అక్కచెల్లెళ్లు, వాళ్లకి సంతానం, ఆ సంతానానికి స్నేహితులు. ఆదివారం వాళ్లందరికీ మధ్యాహ్నం మూడింటికి భోజనం. అది రాత్రి దాకా సాగుతుంది. ఇంట్లో అద్దెకున్న పిల్ల గదిలో ఒంటరిగా తింటే ఇంటి పరువు పోతుందట. "సబ్మిషన్ ఉందని చెప్పలేకపోయావా?" అన్నాను. "చెప్పాను నాన్నా. పుస్తకాలు కూడా తెచ్చుకోమన్నారు" అంది.

ఒకసారి ఆ భోజనాల మధ్యలోంచే వీడియో కాల్ చేసింది. మా ఆవిడ వంటగట్టు మీద పప్పు డబ్బాకి ఫోన్ ఆనించి మాట్లాడుతోంది. ఇంతలో తెర మీదకి ఒక కుర్రాడొచ్చి, మా అమ్మాయి చెంపకి చెంప ఆనించి, గాల్లో ఒక ముద్దు పెట్టి వెళ్లిపోయాడు. మా ఆవిడ ఫోన్ తీసి బోర్లా పెట్టింది. ఇంట్లో కుక్కర్ కూతలు తప్ప వేరే చప్పుడు లేదు. నేను ధైర్యం చేసి ఫోన్ తిప్పి చూద్దును కదా, ఈసారి ఒక ముసలమ్మ. ఆవిడ వెనక ఒక బుల్లెమ్మ. ఆ తర్వాత నెరిసిన మీసాల పెద్దాయన. వచ్చినవాళ్లు వచ్చినట్టే చెంప ఆనించి పోతున్నారు. మా ఆవిడ నా భుజం మీదుగా కాసేపు చూసి, "ఇంతమంది పెడుతున్నారంటే ఆచారమే అయ్యుంటుందిలెండి" అని పోపు వేయడానికి వెళ్లింది. ఆడవాళ్లు ఆడవాళ్లకీ, ఆడామగా ఒకరికొకరూ ఇలా పలకరించుకుంటారట. మగవాళ్లిద్దరూ అయితే చెయ్యి కలిపి వీపు మీద చరుచుకుంటారు.

వచ్చినప్పుడు సరే, వెళ్లేటప్పుడు కూడా ఇదే తంతు. మనమైతే తాంబూలం చేతిలో పడగానే వెనక గుమ్మంలోంచి జారుకుంటాం. అక్కడ గదిలో ఎంతమంది ఉంటే అంతమంది దగ్గరికీ పేరుపేరునా వెళ్లి చెప్పి కదలాలి. చెబుతుండగా ఒకరు కబురు మొదలుపెడతారు. అది పూర్తయ్యేలోపు కొత్తవాళ్లొస్తారు. వాళ్లకి పలకరింపు చెయ్యాలి. పలకరించాక మళ్లీ సెలవు తీసుకోవాలి. పది గంటలకి లేచిన పిల్ల పన్నెండింటికి వీధి గుమ్మం చేరుతుంది.

వేళల విషయంలో మాత్రం మా పిల్ల తడబడింది. ముహూర్తం తప్ప మరేదీ టైముకి జరగని ఊరి నుంచి వెళ్లింది కదా, ఎనిమిదింటికి పార్టీ అంటే పెద్దమనిషి తరహాగా తొమ్మిదింటికి వెళ్లింది. పిలిచినావిడ అప్పుడే తలస్నానం చేసి తువ్వాలు చుట్టుకుని తలుపు తీసింది. చేసేది లేక మా అమ్మాయి ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుంది. ఆలస్యంలో మనల్ని కొట్టేవాళ్లున్నారని తెలిసి టీ బడ్డీలో అందరం కాస్త చిన్నబుచ్చుకున్నాం.

ఆ పరువు కారంతో దక్కించుకున్నాం. గ్వాదలహారాలో పేరుమోసిన తిండి ఒకటుంది. గట్టి రొట్టెలో పంది మాంసం కూరి, ఎండుమిరప కారపు రసంలో నిలువునా ముంచి ఇస్తారు. కొత్తవాళ్లకి అది తినిపించి, కళ్లల్లో నీళ్లు కారుతుంటే చుట్టూ నిలబడి చూడటం అక్కడి కుర్రాళ్లకి సరదా. మా పిల్ల మాంసం తీసి పక్కనపెట్టి, రొట్టె పూర్తిగా తిని, మిగిలిన రసం గిన్నె ఎత్తుకుని తాగేసిందట. మిరపకాయ పుట్టిల్లు మెక్సికోయే కావచ్చు, కాపురం వెలగబెట్టింది మాత్రం మన దగ్గరేనని ఆ రోజు తేలిపోయింది. మా ఆవిడకి మింగుడుపడనిది మరొకటి. వాళ్లు ఎర్ర గోంగూర జాతి పూల తొడుగులు ఎండబెట్టి, ఆ ఎర్రటి రసంలో పంచదార కలిపి షర్బత్ చేసుకుంటారు. "మరి ఆకేం చేస్తున్నారే?" అని ఆరాటంగా అడిగింది. ఆకు సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదని తెలిశాక ఆ పూట ఆవిడ సరిగా అన్నం తినలేదు.

అక్టోబరులో ఇంటావిడ మేనకోడలికి పదిహేనేళ్లు నిండాయి. ఆడపిల్లకి పదిహేను నిండితే అక్కడ పెళ్లంత ఆర్భాటం. చర్చిలో ప్రార్థన, గుమ్మటంలాంటి గౌను, తండ్రి కూతురికి మొదటిసారి ఎత్తుమడమల చెప్పులు తొడగడం, తండ్రీకూతుళ్ల నాట్యం, రాత్రంతా బ్యాండు. ఇంత ఖర్చు ఒక్క తండ్రి వల్ల అవుతుందా? అందుకని తలా ఒకటి పంచుకుంటారు. కేకుకి ఒక జ్ఞానపిత, ఉంగరానికి ఒక జ్ఞానమాత, బ్యాండుకి ఇంకొకరు. అమ్మాయి చిన్నతనానికి గుర్తుగా చేతికి ఇచ్చే ఆఖరి బొమ్మకి జ్ఞానమాతగా మా పిల్లని పెట్టారు. ఇరవయ్యో ఏట, పెళ్లి కాకుండానే మా అమ్మాయి ఒకరికి జ్ఞానమాత అయింది. డబ్బు నా ఖాతాలోంచి వెళ్లింది.

మా ఆవిడ ఇనప్పెట్టెలోంచి చదివింపుల పుస్తకం తీసి, కొత్త పేజీలో పైన "మెక్సికో" అని రాసి, కింద "బొమ్మ" అని వేసింది. "రేపు మనింట్లో శుభకార్యానికి వాళ్లు తిరిగి పెట్టాలిగా" అంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

నవంబరు 1, 2 తేదీల్లో వాళ్లకి పెద్దల పండగ. పోయినవాళ్లు ఇంటికొస్తారని బల్ల మీద ఫోటోలు, కొవ్వొత్తులు, వాళ్లకిష్టమైన తినుబండారాలు పెట్టి, దారి తెలియడానికి బంతిపూల రేకులు జల్లుతారు. బంతి పుట్టింది కూడా ఆ దేశంలోనే. ఇంట్లో ఉన్న పిల్ల పెద్దలకి చోటు లేకపోవడమేమిటని, మా నాన్న ఫోటో కూడా అడిగి తీసుకుని పెట్టారు. ఆయన ఏం తాగేవాడని ఇంటావిడ అడిగితే మా పిల్ల మర్యాదగా కాఫీ అని చెప్పింది. పండగపూట ఉత్త కాఫీ ఏం బాగుంటుందని ఆవిడే కాఫీ పక్కన చిన్న గ్లాసులో తెకీలా పోసింది. ఆ ఫోటో మా అమ్మకి చూపించాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. "తాటికల్లు మానిపించాననుకున్నాను. వెతుక్కుంటూ అంత దూరం వెళ్లాడన్నమాట" అంది.

డిసెంబరు 16 నుంచి తొమ్మిది రాత్రులు పాటలు పాడుకుంటూ ఇల్లిల్లూ తిరగడం. జనవరి 6న పూలదండ ఆకారంలో తీపిరొట్టె కోస్తారు. లోపల బాలయేసు బొమ్మలు దాచి ఉంటాయి. ఎవరి ముక్కలో బొమ్మ వస్తే వాళ్లు ఫిబ్రవరి 2న అందరికీ తమాలెలు పెట్టాలి. ఎవరి ముక్కలో వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. మొక్కజొన్న పిండిని పొత్తు రేకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించేవే తమాలెలు. "మన పొట్టిక్కల పద్ధతేగా" అని మా ఆవిడ ఉయ్యూరు వంటింట్లోంచి తెలుగులోనూ, ఇంటావిడ పక్కనుంచి స్పానిష్‌లోనూ ఒకేసారి ఆజ్ఞలిచ్చారు. వాళ్లిద్దరికీ పొయ్యి మంట దగ్గర అభిప్రాయభేదం వచ్చింది. ఎవరి భాషలో వాళ్లు వాదించుకుని చివరికి రాజీపడ్డారు.

ఈ సందట్లో అసలు ప్రాజెక్టు ఏమైందని మీరడగొచ్చు. నేనూ అడిగాను. నిశ్శబ్దం మీద రాయాల్సిన రిపోర్టుకి నిశ్శబ్దంగా ఉండే గది దొరకలేదట. చివర్లో మెక్సికో సిటీ వెళ్లి బర్రాగాన్ సొంత ఇల్లు చూసొచ్చింది. 2004 నుంచి అది యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. వీధివైపు చూస్తే ఏదో గోదాంలా ఉంటుంది. డాబా మీద పిట్టగోడల్ని ఆకాశం తప్ప మరేదీ కనపడనంత ఎత్తుకి లేపాడు. ఎందుకలా కట్టాడని ప్రపంచంలో పండితులంతా రకరకాలుగా రాశారు. మా అమ్మాయి ఆ డాబా మీద నిలబడొచ్చి ఫోన్‌లో ఒక్క ముక్కలో తేల్చేసింది: "ఆయనకి చుట్టాలెక్కువై ఉంటారు నాన్నా." రిపోర్టులో ఇదే సంగతి కాస్త మర్యాదగా రాస్తే మంచి మార్కులే వచ్చాయి.

పిల్ల తిరిగొచ్చింది. ఇక్కడ కథ అయిపోవాలి. కానీ ఎప్పుడో వీడియో కాల్‌లో నేను మర్యాదకి "మా ఊరు రండి, వీరమ్మ తల్లి తిరునాళ్ల పదిహేను రోజులు జరుగుతుంది" అన్నాను. ఆ దేశంలో పిలుపు ఎంత ప్రమాదమో నాకు తర్వాత తెలిసింది. 2016లో అక్కడొక తండ్రి కూతురి పదిహేనేళ్ల పండగకి వీడియోలో "అందరూ ఆహ్వానితులే" అన్నాడు. అది ఫేస్‌బుక్‌లో పాకి పది లక్షల పైమంది వస్తామన్నారు. నిజంగానే వేలమంది దిగారు.

మా ఇంటికి ఎంతమంది వస్తారో ఇంకా తేలలేదు. ఇంటావిడ ఖాయం. ఆవిడ వస్తే అక్కచెల్లెళ్లు ఆగరు. తిరునాళ్లలో శిడిబండి మీద కూర్చోబెట్టిన కుర్రాడి మీదకి జనం అరటిపండ్లు విసురుతారని చెబితే, వాళ్లేమీ ఆశ్చర్యపోలేదు. క్రిస్మస్‌కి కళ్లకి గంతలు కట్టుకుని వేలాడే కుండబొమ్మని కర్రతో పగలగొట్టే జనం వాళ్లు. పండ్లు ఎక్కడ కొనాలని మాత్రం అడిగారు.

మా ఆవిడ పరుపులు లెక్క చూస్తోంది, చదివింపుల పుస్తకం అందుబాటులో పెట్టుకుంది. సోషల్ మాస్టారు రాయ్ గురించి నోట్సు తిరగేస్తున్నారు. పలకరింపుల విషయంలో కూడా ఇంట్లో ఒక నిర్ణయం జరిగింది. "ఆడవాళ్లని నేను చూసుకుంటాను. మగవాళ్లొస్తే మీరు నాకు అడ్డం నిలబడి చేతులు కలిపెయ్యండి" అంది మా ఆవిడ. ఈ సంగతి టీ బడ్డీలో చెప్పాను. ఆచారాన్ని అలా కించపరచకూడదని మా బావగారు చాలా గట్టిగా అన్నారు. అప్పట్నుంచీ ఆయన రోజూ గడ్డం గీసుకుంటున్నారు.